రేణు అంటుకట్టిన రోజా

మా తోడికోడలు మంజులమ్మ అంత మొండి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. బేరిగై దగ్గర రోజా నర్సరీలో ఇద్దరం కూలికి పోయేవాళ్ళం. ఆమె పని అంటు కట్టడం. వేళ్ళ కోసమే పెంచే ముళ్ళ వేరు మొక్క బెరడు చీల్చి, మంచి రోజా కొమ్మ నుంచి తీసిన కన్ను, అంటే చిగురు మొలిచే మొటిక, అందులో దూర్చి టేపు చుట్టేది. నేను పది కట్టేలోపు ఆమె ముప్పై కట్టేది.

1995లో ఆమె కూతురు రేణుకు పదిహేనేళ్ళు. సెలవులకు మత్తూరులో అవ్వ ఇంటికి పోయి, తడిగుడ్డలో చుట్టిన రోజా కొమ్మ ఒకటి తెచ్చింది. దాని కన్ను తీసి పెరట్లో ఉన్న వేరు మొక్కకు తనే కట్టింది.

"యాడిదే ఇది? ఏం రోజా?" అని తల్లి అడిగింది.

"పూసినాక చూడుమ్మా. పేరు అప్పుడు చెప్తాను" అని నవ్వింది ఆ పిల్ల.

కన్ను చిగురు వేసింది. ఆ నెలలోనే రేణుకు కామెర్లు వచ్చాయి. పసరు మందు తాగిస్తే తగ్గుతుందని మేమే జాగు చేశాం. హోసూరు ఆసుపత్రికి తీసుకుపోయేసరికి చెయ్యి దాటిపోయింది. ఆ తప్పు మాదే, ఇంకెవరినీ అనడానికి లేదు.

మొక్క మాత్రం పొదలా పెరిగింది. రెండేళ్ళకు లేత గులాబి రంగులో చిన్న చిన్న పూలు గుత్తులుగా పూసింది. ఏడాదికి ఒక్కసారే పూసేది. అలాంటి పువ్వు మా నర్సరీలో ఎవరికీ తెలియదు. రేణు చెప్పకుండా పోయిన పేరు తెలుసుకోవాలి, ఆ కొమ్మ ఇచ్చిన తల్లి చెట్టును కళ్ళారా చూడాలి. మంజులమ్మకు అదొక్కటే పట్టుకుంది.

పూసిన ప్రతి ఏడూ నాలుగు పూలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బయలుదేరేది. కొమ్మ ఎక్కడ కోసిందో అవ్వకూ తెలియదంటే మత్తూరులో ఇంటింటి పెరడూ చూశాం. సూళగిరిలో అడిగాం. ఒకాయన దొరల కాలం నాటి రకమేమో అన్నాడని కృష్ణగిరిలో పాత బంగళాల చుట్టూ తిరిగాం. ఎవరూ మాది అనలేదు. గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకున్నామని నేను విసుక్కునేదాన్ని.

"నీ బిడ్డ అయింటే తెలిసుండును ప్రేమా" అంది ఒకసారి.

2004లో జయరామప్ప అనే ముసలి తోటమాలి సంగతి విని, బతిమాలి ఇంటికి పిలుచుకొచ్చాం. ఆయన పువ్వును చూసీ చూడకుండా వదిలేసి, కూర్చుని చెట్టు మొదట్లో మట్టిని చేతివేళ్ళతో తీశాడు. ఒకచోట బొటనవేలంత ఎండిన మోడు బయటపడింది. చుట్టూ ఉన్న కొమ్మలన్నీ దాని కిందినుంచి లేచినవే.

"అమ్మా, ఇది వేరు మొక్క పువ్వు. నర్సరీలో దీన్ని పూయనీరు కదా, అందుకే మీరెవురూ చూసిండరు. బిడ్డ కట్టిన కన్ను ఇదో, ఈ మోడు. ఎప్పుడో చచ్చిపోయింది. కింద లేచిన చిగుళ్ళు గిల్లలేదా?"

ఆ చిగుళ్ళు గిల్లకపోతే పైకన్ను బతకదని మా అందరికీ నేర్పింది మంజులమ్మే. నర్సరీలో రోజూ వందల మొక్కలకు గిల్లేది. బిడ్డ చేత్తో పెట్టిన చెట్టని దీనిమీద మాత్రం గోరు కూడా పడనివ్వలేదు. పిచ్చి తల్లి, కాపాడుతున్నాననుకుంది.

"ఆ మోడును చూసి ఏం రోజానో చెప్పలేవా అప్పా?" అని చివరికి అడిగింది.

"ఎండిన కట్టెకు పేరేడిదమ్మా?"

"అయితే ఆ కొమ్మలన్నీ కోసెయ్యప్పా."

"చేతులు కాలినాక ఆకులు పట్టుకొంటే ఏం వస్తుందమ్మా?"

"కోసెయ్యి."

ఆయన కోశాడు. మోడు ఒక్కటే మిగిలింది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి మోడుకు పొయ్యమని ఆమెకు ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నువ్వే పొయ్యి ప్రేమా. నా చెయ్యి దానికి తగలొద్దు."

ఇది జరిగి నాలుగేళ్ళయింది. కిందినుంచి చిగురు లేస్తే ఆమె వాకిట్లోంచే వేలు చూపిస్తుంది, నేను పోయి గిల్లేస్తాను. మోడుకు ప్రాణం రాదని ఇద్దరికీ తెలుసు. అయినా రోజూ పొద్దున నీళ్ళు పోస్తున్నాను. పోసేదాకా ఆమె పనికి బయలుదేరదు.