బోటుకు బిగించిన బాయి ఫుట్‌వాల్వ్

మొన్న ఆదివారం నుంచి మా బాపు నాతోని సక్కగ మాట్లాడుతలేడు. కోపమనుకునేరు, నన్ను చూస్తేనే నవ్వొస్తున్నదట. ఎందుకో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి.

సెలవులల్ల జనాన్ని చెరువుల తిప్పుదామని నేనూ, గూడూరుల ఉండే మా బామ్మర్ది సురేశూ చెరో పాత మోటరు బోటు కొన్నం. రెండూ ఒక్క తీరువే. ఆదివారం చుట్టాలందరి ముంగట పందెం పెట్టుకున్నం. ఓడినోడు అందరి కూరకూ చేపలు తోమాలె. గెలిచేది నేనేనని ముందే ఊరంత చెప్పుకున్న.

బోటు ఎనుక ఇంజన్‌ను ఎంత పైకి లేపి బిగిస్తే అంత స్పీడ్. పందేనికి ముందురోజు లేపి చూసిన. మస్తు ఉరికింది. జరసేపటికే ఇంజన్ కుయ్యిమని మొత్తుకున్నది. ఏందని చూస్తే, ఇంజన్ సల్లబడెతందుకు చెరువు నీళ్లు గుంజే చిల్లులు దాని పక్కలకున్నయి. ఇంజన్‌తోపాటు అవీ నీళ్ల మీదికొచ్చినయి.

సురేశుకు ఫోన్ కొట్టిన. "నేను ఇంజన్ కింది భాగమే మార్పిచ్చిన బావా. చిల్లులు దాని ముక్కు కాడ కిందికున్నయి, ఎంత లేపినా నీళ్లల్లనే ఉంటయి. నీకూ తెప్పియ్యాల్నా?" అన్నడు.

బామ్మర్దిని అడుక్కుంటనా? బాయి మోటర్లు బిగించుకుంట పెరిగిన రైతును నేను. నీళ్లు గుంజాలంటే ఫుట్‌వాల్వ్ లోతుల ఉండాలె, అంతే గద. ఆదివారం పొద్దుగాల్నే పొలం కాడికి పోయి, బాయిల పైపు కొసకుండే ఇత్తడి ఫుట్‌వాల్వ్ ఇప్పుకొచ్చిన. ఇంజన్ చిల్లులకు పైపు అతికిచ్చి, దాని కొసకు ఫుట్‌వాల్వ్ బిగించి కిందికి ఏలాడదీసిన. నా పెండ్లాం రజిత "గదేందయ్యా?" అంటే, "టెక్నిక్" అన్న.

పందెం మొదలైంది. నా ఇంజన్ సల్లగ ఉన్నది, ఒక్కసారి గూడ మొత్తుకోలే. బోటే కదుల్తలేదు. గంత బరువు ఫుట్‌వాల్వు నీళ్లల్ల ఈడ్చుకుంట వస్తుంటే, చెరువుల నాచంత దానికే చుట్టుకున్నది. సురేశు అవతలి ఒడ్డుకు పోయి చేతులూపుతున్నడు. నేను సగం కూడ దాటలే. చేపలు పట్టే ముసలి తాత ఒకాయన థర్మాకోల్ తెప్ప మీద తెడ్డేసుకుంట నా పక్కనుంచే పోయిండు. పోయేటాయన ఊకుంటడా, "లంగరేసుకొని నడుపుతున్నవేంది బిడ్డా?" అన్నడు. ఒడ్డు మీద చుట్టాలు పడి పడి నవ్విండ్రు. సిగ్గుతోని సచ్చినంత పనైంది.

ఇగ కూసొని చేపలు తోముతున్న. రజిత ఫోన్ పట్టుకొని ఉరికొచ్చింది.

"పొలం కాడికెళ్లి మామ చేసిండయ్యా. మోటరు ఎంత నడిపినా నీళ్లు పోస్తలేదట. ఫుట్‌వాల్వ్ ఎవడో దొంగ ఎత్తుకపోయిండట. ఠాణకు పోతా అంటున్నడు."

చేతిల చేప కింద పెట్టిన.

"పోవద్దని చెప్పు. దొంగ దొరికిండు, శిక్ష గూడ పడ్డదని చెప్పు. ఇంక సగం చేపలున్నయి."