సిర్కా షర్బత్తు కల్లు కాదు

మా చిన్నప్పుడు... మా బాపు తల్లి, మా అవ్వ, సిర్కా ముంత మూత తీసిందంటే ఇంట్లో అందరికంటే ముందు నేను తుమ్మాలి. అది నా పని.

సిర్కా అంటే మరేం లేదు... మిగిలిన కల్లును ముంతలో పోసి, బట్ట కట్టి, మూలకు పెట్టి మరిచిపోవాలి. నెలలు గడిచేసరికి మత్తంతా పోయి మూతి ముడుచుకునేంత పులుపు మిగులుతుంది. అవ్వ నన్ను ముంత మీదికి వంచేది. తుమ్మితే అయినట్టు. తుమ్మకపోతే ముంత మళ్ళీ మూలకే.

వానలు పడగానే మా ఇంటి వెనక అల్లనేరేడు చెట్టుకు పండ్లు వచ్చేవి. అవ్వ వాటిని చేత్తో పిసికి, గింజలు తీసి, బెల్లం కలిపి జాడీలో ఊరబెట్టేది. ఆ రసాన్ని పాత చీర కొంగుతో వడగట్టి సిర్కా కలిపేది. ఎండాకాలం దాకా చెడిపోయేది కాదు. రంజన్ కుండలోని చల్లటి నీళ్ళలో కొంచెం పోసుకుని తాగితే... తియ్యగా, పుల్లగా, గొంతులో గిలిగింత! దొంగతనంగా తాగి తప్పించుకున్న పిల్ల మా వాడలో లేదు... ఊదారంగు నాలుకే చెప్పేసేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న పాలమూరులో మా మనవరాలి కొత్తింట్లో ఈ షర్బత్తే చేసి అందరికీ ఇచ్చాను. మా వియ్యపురాలు గిలాస ముక్కు దగ్గర పెట్టుకుని, "వదినా, గిది కల్లు గాదూ? పిల్లలకు గూడ పోస్తున్నవా?" అన్నది. నలుగురూ నవ్వారు. సాయంత్రానికల్లా ఆ మాట చుట్టాల వాట్సాప్‌లో తిరిగింది. నాకు అక్షరం రాదు, చదివి వినిపించారు. అందుకే నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. ఒక్క ముక్క తగ్గించినా ఊరుకోనని ముందే చెప్పాను.

ఈ నింద మాకు కొత్త కాదు. దీనివల్ల మా ఇంట్లో ఒక పెళ్ళే ఆగిపోబోయింది.

మాది ఆలేరు దగ్గర మగ్గాల ఇల్లు. మా బాపు చెల్లెలు, మా చిన్నత్తను చూడడానికి పెళ్ళికొడుకు వాళ్ళు వచ్చారు. ఎండ మండిపోతోంది. పిల్లవాడు అత్తకు నచ్చాడు. తలుపు సందులోంచి చూసి నా చెయ్యి గట్టిగా గిల్లింది, అందుకే నాకు తెలుసు.

అవ్వ అందరికీ షర్బత్తు ఇచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి మెడలో తులసిమాల. గుట్ట నరసింహస్వామి భక్తుడు. కల్లు తాగే ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. ఆయన గిలాస ఎత్తాడు... గట్టిగా తుమ్మాడు... గిలాస కింద పెట్టేశాడు.

"కల్లు! పిల్లను సూడనీకె వస్తే కల్లు వోస్తరా? లేవుండ్రి, పోదాం!"

"జర కూసో అన్నా," అన్నది అవ్వ. "కల్లు వాసన సూసి తుమ్మినోన్ని ఎన్నడన్న సూసినవా? గది సిర్కా."

"సిర్కా దేంతోని జేసినవ్?"

అవ్వకు అబద్ధం రాదు. "కల్లుతోనే."

ఇంకేముంది... బాపు తల పట్టుకున్నాడు. పెద్దాయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. అవ్వ తన గిలాస గటగటా తాగేసి ఆయన ముందు నిలబడింది.

"సూడు, తూలుతున్ననా?"

"నీకు అలవాటున్నదేమో! నీది లెక్కకు రాదు."

అప్పుడు వచ్చింది చిన్నత్త లోపలి నుంచి. తల ఎత్తొద్దని పొద్దుటి నుంచి ఆమెకు చెప్పి చెప్పి పెట్టారు. ఎత్తింది. పెద్దాయన వదిలేసిన గిలాస తీసుకుని చుక్క మిగల్చకుండా తాగింది. ఇంకోటి పోయించుకుని అదీ తాగింది. నేరుగా వెళ్ళి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంది.

ఆ రోజు మగ్గం మీది పాత పడుగు కొసలకు, అంటే నిలువు పోగుల కొసలకు, కొత్త పడుగు అతకాల్సి ఉంది. వెంట్రుకంత సన్నటి పోగులు... వేళ్ళకు బూడిద అద్దుకుని ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. కల్లు తాగిన చేతికి ఆ పని లొంగదు. నేసేవాళ్ళందరికీ తెలుసు. పెళ్ళికొడుకు తండ్రికి ఇంకా బాగా తెలుసు, ఆయన మీసం నెరిసింది మగ్గం మీదే.

"మత్తు ఎక్కేదాక సూస్త," అని మగ్గం పక్కనే పీట వేసుకున్నాడు.

అత్త వేళ్ళు ఆగలేదు. పోగు తర్వాత పోగు. బాపు లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. అవ్వ మాత్రం విసనకర్రతో విసురుకుంటోంది.

చాలాసేపటికి ఆయనే అడిగాడు. "ఎక్కిందా బిడ్డా?"

"ఎక్కలే మామా. ఆకలైతాంది."

మామా అన్నది! ఏదీ ఖాయం కాకముందే! పెళ్ళికొడుకు ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. వంగి ఒక పోగు పట్టుకుని లాగాడు. ఊడలేదు. ఇంకోటి లాగాడు. అదీ ఊడలేదు.

"నాకూ జర పొయ్యి చెల్లే," అన్నాడు అవ్వతో.

మళ్ళీ తుమ్మాడు... తాగాడు... ఆ ఊదారంగు నాలుకతోనే పెళ్ళి ఖాయం చేశాడు.

ఇప్పుడు ఆ అల్లనేరేడు చెట్టు లేదు, దాని మీదుగా రోడ్డు పోయింది. మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు. పిల్లలు సీసాల్లో రంగునీళ్ళు కొనుక్కు తాగుతున్నారు... ఎవరూ వాసన చూడరు, ఎవరూ తుమ్మరు.

సిర్కా ముంత మాత్రం నా దగ్గరే ఉంది. వదినా, ఒకసారి ఆలేరు రా. రెండు గిలాసలు పోస్తాను. తాగి, సూదిలో దారం ఎక్కించు. చెయ్యి వణికితే అది కల్లేనని పదిమందిలో ఒప్పుకుంటాను. మీలో ఎవరింట్లోనైనా ఇట్లాంటి నింద మోసిన షర్బత్తో పచ్చడో ఉంటే చెప్పండి, చదివించుకుని వింటాను.

నన్ను మాత్రం దారం ఎక్కించమనకండి. నా కళ్ళకు సూది బెజ్జం కనబడక చాలా ఏండ్లయింది... అది సిర్కా తప్పు కాదు.