ఏడో ఒర కింద గవ్వల పొర

తాసీల్దారు కచేరీకి ఇప్పటికి ఆరు అర్జీలు పెట్టుకున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. మొదటి అర్జీ తీసుకున్న గుమాస్తా దాన్ని చదవకుండానే పక్కన పడేసి, ఎగిరిపోకుండా మీద తమలపాకుల కట్ట పెట్టాడు. మూడో అర్జీ నాడు బంట్రోతు నన్ను చూరు నీడలో కూడా నిలబడనివ్వలేదు. ఐదో అర్జీ ఇచ్చినప్పుడు "నూతులు తవ్వుకునేవాడికి రాతలెందుకోయ్" అని నవ్వినవాడి ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. గుర్తుపెట్టుకోవడం నాకు బాగా చేతనైన పని. చిన్నప్పుడు వీధిబడి పంతులుగారు నన్ను అరుగెక్కనివ్వకపోతే కింద ఇసుకలో నిలబడి నాలుగక్షరాలు నేర్చుకున్నాను. ఆ అరుగు మీద ఎవరెవరు కూర్చున్నారో వరసగా చెప్పగలను. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. కచేరీవారు చదవకపోతే మీరైనా చదవండి.

రాక్షస నామ సంవత్సరం, వేసవి. సఖినేటిపల్లి రేవు. అవతలి గట్టున నరసాపురం, మధ్యలో వసిష్ఠ గోదావరి. నా పేరు సూరన్న. నూతులు దింపడం మా ఇంటి పని. తవ్వడం అనకుండా దింపడం అని ఎందుకన్నానంటే, ఇసుక నేలలో గొయ్యి తవ్వితే నిలవదు, కూలిపోతుంది. అందుకని ఒర పెడతాం. ఒర అంటే కాల్చిన మట్టి చుట్టు, మూరెడు ఎత్తు ఉంటుంది. దాని లోపల కూర్చుని ఇసుక తోడుతూ ఉంటే ఒర తన బరువుకు తానే దిగుతుంది. దాని మీద ఇంకొకటి, ఆపైన ఇంకొకటి.

రేవు దగ్గర నేలకు ఒక గుణం ఉంది. వానాకాలంలో కురిసిన నీళ్ళు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి, పాల మీద మీగడలాగా. ఆ మీగడ ఎంత మందమో తెలుసుకుని అక్కడే ఆగిపోవడంలోనే మా పనితనమంతా ఉంది. ఆ రేవులో ఆరు ఒరల వరకు మంచినీళ్ళు. ఏడో ఒర కింద సన్నటి గవ్వల పొర, దానితో కలిసిపోయిన నల్లటి బంక. ఆ పొర పగిలితే కింద ఉన్నది సముద్రమే.

ఇదంతా ఇలా బయటపెట్టినందుకు మా వాళ్ళు నన్ను తిడతారు. ఎందుకంటే మాలో ఒక కట్టుబాటు ఉంది. ఎన్నో ఒర కింద ఏముందో ఇంటివారికి చెప్పకూడదు. "ఇంతే దింపాలండి" అనాలి, ఎందుకని అడిగితే నవ్వి ఊరుకోవాలి. చెబితే మళ్ళీ మనల్ని పిలవరని మా తాతల భయం.

రేవు గట్టు మీద వెంకమ్మగారి పూటకూళ్ళ ఇల్లు ఉండేది. చిన్నతనంలోనే భర్త పోతే, ఆ ఇంటినీ పొయ్యినీ నమ్ముకుని బతికిన మనిషి. లోపల వసారాలో ఒక పంక్తి, బయట పందిట్లో ఒక పంక్తి. పడవ దిగినవాళ్ళు ఆకలి లేకపోయినా ఆవిడ పప్పు కోసం ఆగేవారు. ఆ పప్పు రుచిలో సగం ఆవిడ చేతిదైతే సగం నూతిది. ఉప్పు తగిలిన నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు కాచినా మెత్తబడదు. ఆ నుయ్యి దింపింది మా నాన్న. ఆరు ఒరలు. ఏటేటా పూడిక తీసేవాణ్ణి నేను. నూతిలోకి నేను దిగవచ్చు. పైకి వచ్చాక దాహమైతే మాత్రం చేద ముట్టకూడదు, ఎవరైనా దోసిట్లో పోయాలి. ఈ న్యాయం ఎక్కడిదని ఇద్దరు ముగ్గురిని అడిగాను. వాళ్ళూ జవాబు చెప్పలేదు.

ఆ వేసవిలో కొత్త కాలవల పనికి వెళ్ళే జనం రేవులో దిగడం మొదలైంది. రెండు పంక్తులు కాస్తా ఆరయ్యాయి. వచ్చినవాళ్ళందరూ నూతి దగ్గరే స్నానాలు, అక్కడే పంచెలు ఉతకడం. మధ్యాహ్నానికి చేద అడుగు తగిలి బురద తెచ్చేది. వెంకమ్మగారు కబురు పెట్టారు.

"సూరన్నా, ఇంకో రెండు ఒరలు దింపు. వచ్చినవాళ్ళకి చేతులు కడుక్కోడానికి నీళ్ళు లేవు."

"వద్దండీ అమ్మగారూ. దీనికి ఆరే చాలండి. దొడ్లో ఆ చివర ఇంకో నుయ్యి దింపుతాను, అదీ ఆరే. స్నానాలు మాత్రం ఏట్లో చేసి రమ్మనండి."

"నుయ్యి లోతు చెయ్యమంటే దొడ్డంతా తవ్వుతానంటావేం? ఉన్నదాన్ని దింపడానికి నీకేం వచ్చింది?"

ఆ మాటకు నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. కట్టుబాటు పోతే పోయిందనుకున్నాను. ఇంతలో పందిట్లో భోంచేస్తున్న పడవ సరంగు పోలయ్య అందుకున్నాడు.

"మావకి మోకాళ్ళు పట్టేసేయండి. నూతిలోకి దిగాలంటే పల్లకీ తెప్పించాలేమోనండి!"

పంక్తి అంతా నవ్వింది. పొద్దుటి నుంచి పొగలో ఉన్న మనిషి, విసుగు మీద వెంకమ్మగారు కూడా ఒక మాట అనేశారు. "అంతేలే. లోతంటే భయం పట్టుకుంది నీకు. మీ నాన్న చెయ్యి నీకు రాలేదు. చేతకాదని చెప్పొచ్చుగా."

నన్ను అన్నా ఊరుకునేవాణ్ణేమో. మా నాన్న పేరెత్తారు. నోరు మూసుకున్నాను. పార భుజాన వేసుకుని వచ్చేశాను. చెప్పవలసిన మాట నాతోనే ఇంటికి వచ్చింది.

మూడో రోజుకల్లా కొత్తపేట వైపు నుంచి వీర్రాజు అనే పనివాణ్ణి పిలిపించారు. మంచి పనివాడే. కానీ వాళ్ళ వైపు ఏటి ఒండ్రు నేల. ఎంత లోతుకు పోతే అంత తియ్యటి నీళ్ళు. ఆ లెక్కే రేవులోనూ పనికొస్తుందనుకున్నాడు. రెండు ఒరలు దింపాడు. గవ్వలు పైకి వస్తుంటే గట్టి నేల తగిలిందని సంబరపడ్డాడట. నీళ్ళు ఉబికి వచ్చాయి. పోలయ్య ఏటి మధ్యలో పడవ ఆపి మరీ కేకేశాడు. "మావోయ్, నూతిలో నిలువెత్తు నీళ్ళు! చూసి పోదువుగాని రా!"

నేను వెళ్ళలేదు. పది రోజులు గడిచాయి. ఇంట్లో కూర్చుని ఒక్కటే అనుకునేవాణ్ణి, ఆవిడే వస్తుందని. ఆ అనుకోవడంలో కొంచెం సంతోషం కూడా ఉందని ఒప్పుకోకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

పదకొండో నాడు ఎండ నడినెత్తిన ఉండగా వెంకమ్మగారు మా వాకిట్లోకి వచ్చారు. ఆవిడ మా వీధి తొక్కడం అదే మొదలు. కాళ్ళు కాలిపోయి ఉన్నాయి. కూర్చోమనడానికి మా ఇంట్లో ఆవిడకు తగిన పీట లేదు. ఆవిడ అటూ ఇటూ చూసి, ఆరబెట్టిన ఒర అంచు మీద కూర్చున్నారు. చేతిలో ఆకు మూసిన చెంబు.

"చూడు సూరన్నా" అని ఆకు తీశారు.

కందిపప్పు. పొద్దున్న పొయ్యి మీద పెట్టిందట. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కాను. చితకలేదు. నాలిక మీద పెట్టుకోకుండానే తెలిసిపోయింది.

"మొదట పప్పు పాతదనుకున్నాను. కొట్టువాడితో దెబ్బలాడి వేరే పప్పు తెప్పించేను. అదీ ఉడకలేదు. నిన్న వచ్చినవాళ్ళు విస్తరి ముందు నించి లేచిపోయేరు. నా విస్తరి ముందు నించి, సూరన్నా! ఈ పొయ్యి ఆరిపోతే నేనెక్కడికి పోను? తమ్ముడింటికి పోయి ఓ మూల కూర్చోనా?" ఆవిడ చెంబు వైపే చూస్తూ అన్నారు. "నిన్ను పదిమందిలో అన్నాను. పదిమందిలోనే తప్పయిందని అంటాను. నుయ్యి బాగు చెయ్యి."

ఆ మాట కోసమే పది రోజులు కాచుకున్నాను. తీరా వస్తే అందుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

"తప్పు మీ ఒక్కరిదే కాదండీ. ఏడో ఒర కింద ఉప్పు ఉందని నాకు తెలుసండి."

"తెలిసీ చెప్పలేదా?"

"ఆయ్."

"నిన్ను అన్నాననా?"

"ఆయ్. మా నాన్నని అన్నారండి."

తిడతారనుకున్నాను. తిడితే గుర్తుపెట్టుకుందామని కూడా అనుకున్నాను. ఆవిడ చెంబు మీద ఆకు మళ్ళీ కప్పి లేచారు.

"అయితే రా. ఇద్దరం చేసిన పాడు ఇద్దరం కలిసే బాగుచేద్దాం."

ఆ మధ్యాహ్నమే దిగాను. వీర్రాజు దింపిన ఒరల్ని పైకి లాగడం కుదరదు, లాగితే చుట్టూ ఇసుక కూలుతుంది. అందుకని వాటిని అక్కడే ఉంచి, వాటి కడుపు పూడ్చాను. ఏటి ఒండ్రుమట్టిని ఒర చేయడానికి తొక్కినట్టే తొక్కి, ముద్దలు చేసి, పగిలిన గవ్వల పొర మీద మెత్తి, దిమ్మిసతో కొట్టాను. దాని మీద కడిగిన ఇసుక. ఆ ఇసుకను ఏటి పోటు తగ్గి మంచినీళ్ళు పారేటప్పుడు వెంకమ్మగారే దగ్గరుండి కడిగించారు. ఒక్క ఉప్పు రవ్వ కూడా ఉండకూడదని పిడికెడేసి నాలిక మీద వేసుకుని చూసేవారు. ఊరంతా చూస్తుండగానే!

తరవాత పని కష్టమైనది. ఏమీ చేయకుండా ఉండడం. వానలు పడి, కొత్త మీగడ కట్టేదాకా ఆ నూతిలో చేద వేయకూడదు. దొడ్డి చివర చిన్న నుయ్యి ఒకటి దింపాను, ఆరు ఒరలే. వంటకు అదొక్కటే ఆధారం. తక్కువైన రోజు పోలయ్య రాజోలు ఎగువ నుంచి నాలుగు కడవల మంచినీళ్ళు పడవలో తెచ్చేవాడు. పల్లకీ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను మరిచిపోయానని కాదు.

నీళ్ళకు ఇంట్లో కొత్త పద్ధతులు వచ్చాయి. స్నానం ఏట్లో చేసి వచ్చినవాళ్ళకే విస్తరి. చేతులు కడగడానికి కొమ్ముచెంబు, సన్నధార. బియ్యం కడిగిన నీళ్ళు ఆవుకు. అంట్ల నీళ్ళు నూతి వైపు పారకుండా దొడ్డి అవతలి అరటి చెట్ల పాదుల్లోకి. వానాకాలం దగ్గరపడగానే తాటి మొద్దుల్ని తొలిచి దోనెలుగా చూరు కింద కట్టాను. కప్పు మీద పడ్డ నీళ్ళన్నీ నూతి పక్కన తవ్విన ఇసుక గుంటలోకి వెళ్ళి ఇంకేవి. మొదటి వాన నాడు ఆవిడ తడుస్తూ గుంట పక్కనే నిలబడి, నీళ్ళు ఇంకిపోతుంటే చంటిపిల్ల పాలు తాగుతున్నట్టు చూశారు.

చేంతాడు సంగతి మాత్రం ఆవిడ ఆలోచనే. నన్ను అడిగారు. "ఎంత లోతు దాకా తోడొచ్చు?" కట్టుబాటు ప్రకారం నవ్వి ఊరుకోవాలి. చెప్పాను. ఆవిడ కత్తిపీట తెచ్చి చేంతాడు అక్కడికే కోసేశారు. "ఇంక ఎవరు తోడినా తాడు అందినంతే. అందకపోతే నుయ్యి నిద్రపోతోందన్నమాట. లేచేదాకా లేపకూడదు."

కార్తీకంలో కబురొచ్చింది. వెళ్ళేసరికి పొయ్యి మీద పప్పు ఉంది, పాత నూతి నీళ్ళతో. నేను పందిట్లో కూర్చున్నాను. లోపలి నుంచి చప్పుడు లేదు. కాసేపటికి పప్పుగుత్తి తిప్పుతున్న శబ్దం వినిపించింది. గింజ రాళ్ళలా ఉంటే ఆ శబ్దం గరగరమంటుంది. ఇది మెత్తగా, అడుసులో అడుగు పడ్డట్టు వినిపించింది. వెంకమ్మగారు వచ్చి, ఆ రోజు మొదటి విస్తరి నా ముందు వేశారు. పందిట్లో అందరూ ఉన్నారు, పోలయ్యతో సహా.

"వీళ్ళ నాన్న చెయ్యి వీడికి వచ్చింది" అన్నారు గట్టిగా. మాట ఇచ్చినట్టే, పదిమందిలో. పోలయ్య తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు.

నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో అన్నీ చెప్పగలనన్నాను. ఈ ఒక్కటీ కూడా ఆ వరసలోనే ఉంది.

ఇది జరిగి ఎనిమిదేళ్ళు. వెంకమ్మగారికి ఇప్పుడు చూపు మందగించింది. అయినా రోజూ పొద్దున్నే మొదటి చేద తోడి, పుక్కిట పట్టి చూసి, బాగుందని నాకు కబురు పెడతారు. పొయ్యి ఇంకా ఆరలేదు. ఆ నుయ్యి నాకు నేర్పింది ఒక్కటే. మనుషుల మీద కోపం ఎన్నాళ్ళైనా దాచుకోవచ్చు, నీళ్ళ సంగతి మాత్రం దాచకూడదు. దాస్తే శిక్ష నన్ను అన్నవాళ్ళకు పడదు, ఆ నూతి నీళ్ళు తాగే ప్రతివాళ్ళకూ పడుతుంది.

ఇప్పుడు కచేరీవారు రేవులో ప్రయాణికుల కోసం ఇరవై ఒరల నుయ్యి దింపుతామని మేకులు పాతించారు. వెంకమ్మగారి నూతికి పది అడుగుల దూరంలో. ప్రయాణికులకు నీళ్ళు ఇవ్వడం మంచి పనే, కాదనను. ఆరేసి ఒరల నూతులు నాలుగు, ఎడంగా, నేనే దింపిపెడతానని ఆరు అర్జీల్లోనూ రాశాను. ఇరవై ఒరలు దింపితే గవ్వల పొర పగులుతుంది. ఆ కొత్త నూతితో పాటు గట్టు మీద ప్రతి ఇంటి నుయ్యీ ఉప్పవుతుందని కూడా రాశాను.

ఒకసారి తెలిసీ నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను. ఇది ఏడో అర్జీ అనుకోండి. తాసీల్దారుగారూ, ఆ నుయ్యి ఆరో ఒర దగ్గర ఆపుతారా, ఆపరా? బంట్రోతు నీడలో ఉండనివ్వకపోతే ఎండలోనే కూర్చుంటాను. జవాబు చెప్పండి.