రజియా ఆపా గాజుపూలు

నిన్న మా నాగర్‌కర్నూల్ ఆసుపత్రి గోడలకు సున్నం వేశారు. వరండా చివర ఇనుప డ్రమ్ములో సున్నపురాళ్ల మీద నీళ్లు పోయగానే అవి బుసబుసమని పొంగాయి. వేడి ఆవిరితో పాటు ముక్కులో సన్నగా గుచ్చుకునే వాసన ఒకటి లేచింది. పేషెంట్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగారు. నేను మాత్రం చేతిలో ఇంజెక్షన్ ట్రేతో అక్కడే నిలబడిపోయాను. ఒక్కొక్కరికి ఒక్కో వాసన ఒక్కో మనిషిని తెచ్చి ఎదుట నిలబెడుతుంది. కొందరికి అత్తరు, కొందరికి తాలింపు. నాకు మాత్రం తడిసిన సున్నం వాసన వస్తే వనపర్తిలోని రజియా ఆపా గుర్తుకొస్తుంది. ఆమె ఇంటి ముందుగదిలో, సముద్రానికి ఎంతో దూరంలో, గాజుపెట్టెలో ఉన్న చిన్న సముద్రం గుర్తుకొస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. గద్వాల దగ్గరి పల్లె నుంచి వచ్చి వనపర్తిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో నర్సుగా చేరాను. ఆపా ఇంటి మీది గదిలో అద్దెకు దిగాను. ఆమె ఆడపిల్లల బడిలో లెక్కల టీచర్. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు, ఇస్త్రీ చెడని చీర. భర్త యూసుఫ్ సాబ్ పోయి అప్పటికి ఏడాది. పిల్లలు లేరు. దిగిన మర్నాడు బకెట్ అడగడానికి కిందికి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను. మంచమంత పొడవున్న గాజుతొట్టి, పైన నీలం దీపం, లోపల గుట్టగా పేర్చిన రంధ్రాల రాళ్లు. వాటి మధ్య తెల్లచారల నారింజ చేపలు రెండు, బొటనవేలంత నీలి చేప ఒకటి తిరుగుతున్నాయి.

"ఇవేం చేపలు ఆపా? మా దిక్కు కృష్ణల ఇసొంటివి పడవు" అన్నాను.

"కృష్ణల యెట్ల పడ్తయి బిడ్డా? ఇవి ఉప్పునీళ్లవి. వేలు ముంచి నాలుకకు రాసుకో, తెలుస్తది."

రాసుకున్నాను. అప్పటికి నేను సముద్రం చూసి ఎరగను. నా మొదటి సముద్రం రుచి అదే.

యూసుఫ్ సాబ్ చాలా ఏళ్లు సౌదీలో, జెద్దాలో ఉన్నాడట. కలిగినవాళ్ల ఇళ్లలో ఇలాంటి తొట్లు శుభ్రం చేసే పని. తిరిగొచ్చాక ఊళ్లో కరెంటు సామాన్ల దుకాణం పెట్టుకున్నా ఆ పని మీద మోజు పోక, హైదరాబాద్ దుకాణం నుంచి ఒక్కొక్క రాయీ తెచ్చి ఈ తొట్టి నిలబెట్టాడు. మా బోరునీళ్లు దానికి పనికిరావు. అందుకని ఆయన తమ్ముడు కరీం, కొత్తకోటలో లారీ మెకానిక్, బ్యాటరీలలో పోసే శుద్ధమైన నీళ్లను క్యాన్లతో తెచ్చేవాడు. ఉప్పు హైదరాబాద్ బస్సులో పార్శిల్ వచ్చేది. ఎండాకాలం కరెంటు పోతే గాలి మోటరుకు లారీ బ్యాటరీ తగిలించేవాళ్లు. సాబ్ పోయాక ఇవన్నీ ఆపా మీద పడ్డాయి. "మనిషే పోయిండు, ఇంక ఆ ఉప్పునీళ్ల పరేషానెందుకు టీచరమ్మా" అని వాడకట్టులో అందరూ అన్నవాళ్లే. ఆమె వాళ్లకు జవాబు చెప్పేది కాదు. నాకు మాత్రం ఒకసారి చెప్పింది: "ఆ మోటరు సప్పుడు ఇంట్ల ఉంటెనే నాకు నిద్ర పడ్తది. ఆగితే మెలకువొస్తది."

ఒక శుక్రవారం పొద్దున "సరోజా, జల్ది రా!" అన్న కేక విని ఏమయిందోనని మెట్లు దూకుతూ దిగాను. ఆపా తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పెద్దరాయి పక్కన, చిటికెనవేలి గోరంత పువ్వు. గాజుతో చేసినట్టుంది. లేత గోధుమరంగు కాడ, చుట్టూ వెంట్రుకల్లాంటి రేకులు. నీళ్ల కదలికకు మెల్లగా ఊగుతోంది.

"ఎవ్వరు తేలేదు దీన్ని. సాబ్ తెచ్చిన రాయిల్నే దాగుండె. ఇన్ని దినాలు పండుకోని ఇప్పుడు లేసింది" అంది. ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదలు. రొయ్యముక్కను గోటితో చిదిమి, పొడవాటి పుల్లతో రేకుల నడుమ ఉన్న దాని నోటికి అందించింది. చూపుకు పువ్వే గానీ, అది మేత తినే జీవం. పువ్వు ముడుచుకుని మింగి మళ్లీ విచ్చుకుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కొన్నాళ్లకు పక్కన ఇంకొకటి లేచింది. రంజాన్ నాటికి రాయి ఒక పక్కంతా పూలే. సేమ్యా పాయసానికి వచ్చిన వాళ్లందరినీ తొట్టి దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. సాబ్ పోయిన తర్వాత ఆ ఇంట్లో జరిగిన మొదటి పండుగ అది.

చలికాలం వచ్చేసరికి తొట్టిలో తేడా నాకు కనబడసాగింది. సాబ్ మొట్టమొదట తెచ్చి రాళ్ల మీద పెట్టినవి ఆకుపచ్చటి జీవాలు. చొక్కా గుండీలంత ఉండి, వెలుతురుకు గుంపుగా విచ్చుకునేవి. పూలు వాటి మీదికి వంగిన చోటల్లా అవి ముడుచుకుని నల్లబడుతున్నాయి. నీలి చేప మూల వదిలి రావడం లేదు. నేను మాట ఎత్తితే, "చలి గద, గట్లనే ఉంటయి" అని ఆపా మేతడబ్బా తీసేది. ఒకనాడు నీళ్లు తెచ్చిన కరీం తొట్టిలోకి తొంగిచూసి, "భాభీ, ఇది పువ్వు కాదు, కలుపు!" అంటూ ఆమె బడి నుంచి వచ్చేలోపు కత్తితో ఒక పక్క గీకిపారేశాడు. మంచే చేశాననుకున్నాడు. కానీ తెగిన ప్రతి ముక్కా ఎక్కడికో కొట్టుకుపోయి అతుక్కుంది. కొద్దిరోజులకే ప్రతి ముక్క నుంచీ ఒక కొత్త పువ్వు లేచింది. వెనక అద్దం మీద, పంపు గొట్టంలో, ఎక్కడ చూసినా అవే.

ఆ తర్వాత ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి ఆపా ముందుగదిలో కింద కూర్చుని ఉంది. ఒళ్లో టీ జల్లెడ. దాంట్లో నీలి చేప. రంగు అప్పుడే వెలిసిపోయింది. పక్కన కూర్చున్నాను. "ఆపా, ఈ పూల వల్లనే కావచ్చు" అన్నాను, ఆమె నొచ్చుకుంటుందేమోనని భయపడుతూ.

"తెల్సు బిడ్డా" అంది. "మొదటిది లేసిన నాడే తెల్సు. జెద్దాల ఇవి వచ్చినయంటే సాబ్ తలకాయ పట్టుకునేటోడు. ఎన్నిసార్లు చెప్పిండో నాకు. బడిల పిల్లల తప్పులకు ఎర్రసిరా పెడ్త. నా ఇంట్ల తప్పు నాకు కండ్లముందే ఉండె." జల్లెడ అంచును కొంగుతో తుడిచింది. "కాని ఆయన పోయినంక ఈ ఇంట్ల కొత్తగ పుట్టింది అదొక్కటే గద. ఎట్ల తియ్యాలె?"

ఆమె చేతిలోని జల్లెడ తీసుకున్నాను. ఇద్దరం పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో చిన్న గుంట తీసి చేపను పూడ్చాం.

రాళ్లన్నీ తీసి ఎండలో పడేస్తే ఒక్క దెబ్బకు ఖతం అవుతుందన్నాడు కరీం. ఆపా ఒప్పుకోలేదు. "ఆ రాళ్లల్ల ఇంకేమేం పానంతోటి ఉన్నయో నీకు తెల్వదు, నాకు తెల్వదు" అంది. సాబ్ చెప్పిన ఉపాయం ఆమెకు గుర్తుంది. సున్నం. పాన్ డబ్బా నుంచి తెల్లటి సున్నం తెప్పించింది. నేను మందుల దుకాణంలో కొత్త సిరంజిలు, సూదులు కొన్నాను. గిన్నెలో సున్నాన్ని నీళ్లతో చిక్కగా కలుపుతుంటే గది నిండా ఆ వాసన. సూది పట్టడం నా పని కాబట్టి నేను చేస్తానన్నాను.

"వద్దు. మేపింది నేను, తీసేది గూడ నేనే" అంది.

పువ్వు నోట్లో సరిగ్గా సున్నం పడాలి. సూది తగిలితే ముడుచుకుని రాతిలోకి పోతుంది. మొదటిరోజు ప్రతిసారీ సూది రేకులకు తగిలి ఒక్కటీ కుదరలేదు. మర్నాడు కుదిరింది. గాజు కాడ తెల్లబడి, కుంగి, చెదిరిపోయింది. "మాఫ్ చెయ్" అని గొణిగింది. అది పువ్వుతో అందో, యూసుఫ్ సాబ్‌తో అందో నేను అడగలేదు. ఎక్కువ సున్నం పడితే నీళ్లు చెడి అన్నీ చస్తాయి. కాబట్టి రోజుకు కొన్ని మాత్రమే. బడి నుంచి రాగానే టీ తాగి మొదలుపెట్టేది. నేను సిరంజి నింపి అందించేదాన్ని. పంతులమ్మ గొంతు లేని ఆపాను ఆ సాయంత్రాల్లోనే చూశాను.

అలా ఒకనాడు తొట్టి మీద నుంచి చూపు మరల్చకుండానే చెప్పింది: "సాబ్ ఛాతికి జండూబాం రాసుకుంటుండె. ఏందన్న. గ్యాసు అన్నడు. అవును, గ్యాసే అన్న నేను. ఆయనకు తెల్సు, నాకు తెల్సు, అది గ్యాసు కాదని. నేను భయపడ్తనని ఆయన, ఆయన భయపడ్తడని నేను. గట్లనే ఎండాకాలం అంత వెళ్లదీసినం. ఎవరన్న ఒక్కరు పక్కన కూసోని, చెప్పు యూసుఫ్, ఎట్లుంది అని అడిగి ఉంటే చెప్పుతుండెనేమో." సిరంజి నా వైపు చాచింది. "నింపు బిడ్డా." నింపి ఇచ్చాను. నా కళ్లు మసకబారి సున్నం కొంత చేతి మీద ఒలికింది.

ఎండలు ముదిరే నాటికి పూలు పలచబడ్డాయి. పూర్తిగా పోలేదు. అవి పూర్తిగా పోవని ఆపాకు తెలుసు. ఒకటి లేచినప్పుడల్లా మళ్లీ సున్నం కలిపేది. ఒకరోజు ఖాళీ అయిన రాతి పగులులో ఆకుపచ్చ చుక్క ఒకటి నా కంటబడింది. "ఆపా! సాబ్ పెట్టినవి మళ్లొస్తున్నయి!" అని అరిచాను. ఆమె వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని చూసింది. "ఉండనీ. ముందుగాల్నే పేరు పెట్టకు. జర సూద్దం" అంది. ప్రతిరోజూ చూసింది. అది గుండీలా విచ్చుకుని, పక్కన రెండోది తలెత్తిన తర్వాత ఒక సాయంత్రం నా గదికి తానే మెట్లెక్కి వచ్చింది. "అదే సరోజా. సాబ్ పెట్టిందే" అని చెప్పి, నా మంచం మీద కూర్చుని తనివితీరా ఏడ్చింది.

తర్వాత నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఇక్కడికి వచ్చేశాను. ఆపా రిటైరై రాయచూరులో చెల్లెలి దగ్గరకు వెళ్లింది. తొట్టి ఖాళీ చేసిన రోజు నేనూ వెళ్లాను. హైదరాబాద్ దుకాణం వాళ్లు వచ్చి రాళ్లను తడిగోనెల్లో, చేపలను సంచుల్లో తీసుకుపోయారు. మోటరు ఆపినప్పుడు ఆ గదిలో కమ్ముకున్న నిశ్శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. రాయచూరుకు ఒక్కసారే వెళ్లగలిగాను. మళ్లీ వెళ్దాం, పిల్లల పరీక్షలయ్యాక, వానలయ్యాక అనుకుంటుండగానే ఆపా పోయిందని కబురు వచ్చింది. అప్పటికే మట్టి కూడా అయిపోయిందట. కొన్నిసార్లు డ్యూటీలో ఏదైనా మంచి జరిగితే, ఈ మాట ఆపాకు చెప్పాలి అనుకుంటాను. చెప్పడానికి ఆపా లేదని ఆ మరుక్షణం గుర్తొస్తుంది.

మొన్న మన్ననూర్ దిక్కు నుంచి ఒక నడివయసు ఆమె ఓపీకి వచ్చింది. పేరు చెప్పింది, జ్వరమంది, నడుంనొప్పి అంది. చెప్పేదేదో చెప్పకుండా కొంగును రొమ్ము మీదికి మాటిమాటికీ లాక్కుంటోంది. బయట వరుస పెరుగుతోంది. పనిలో చేరిన కొత్తలో అయితే ఒక జ్వరం గోలీ ఇచ్చి పంపేదాన్నేమో. తలుపు దగ్గరకు వేసి, నా స్టూలు ఆమె పక్కకు జరుపుకుని కూర్చున్నాను.

"అక్కా, నేను కోప్పడ. ఎన్ని దినాలాయె అది చేతికి తగులవట్టి?"

ఆమె పట్టుకున్న కొంగు వదిలేసింది. తర్వాత నా చేయి పట్టుకుని, గడ్డ ఉన్న చోట పెట్టుకుంది.