జెండా పట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు మా బడి గోడ మీద మా నాయనమ్మ బొమ్మ ఒక్క పూట ఉంది. ఆ పూట సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మాది గణపవరం దగ్గర పల్లెటూరు. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన పండక్కి, ఆనాటి పోరాటాన్ని బడి గోడ మీద బొమ్మలుగా వెయ్యమని మా డ్రాయింగు మాస్టారికి చెప్పారు. ఆయన ఊళ్లో పెద్దవాళ్లందరినీ అడిగి తెలుసుకున్నారు. మా వీధిలోనే లాఠీఛార్జి జరిగిందనీ, జెండా కింద పడనివ్వనందుకు మా నాయనమ్మ కుడిచెయ్యి విరగ్గొట్టారనీ అందరూ చెప్పారు. ఆ చెయ్యి మళ్లీ సరిగ్గా అతుక్కోలేదు. అప్పట్నించీ ఆవిడ ఎడంచేత్తోనే అన్నం కలుపుకునేది. అందుకని పెళ్లి బంతుల్లో ఆవిడని దూరంగా, ఓ మూల కూర్చోబెట్టేవారు. దేశం కోసం విరిగిన చేతికి మా ఊరు చేసిన మర్యాద అది!

మా ఊళ్లో ఓ అలవాటుంది. బడికి బల్ల ఇచ్చినా, గంట ఇచ్చినా దాని మీద దాత పేరు రాయించి తీరాలి. ఈ గోడకి రంగులిచ్చింది రైసుమిల్లు ఆసామి. ఆయనగారికి ఉత్త పేరు చాలలేదు.

"జెండా మా నాన్నగారి చేతిలో పెట్టండి మాస్టారూ," అన్నాడు.

ఆ నాన్నగారు ఆనాడు వెలగబెట్టింది అందరికీ తెలుసు. జనాన్ని కొట్టి వచ్చిన పోలీసులని తన అరుగు మీద కూర్చోబెట్టుకుని కాఫీలిచ్చాడు. మాస్టారేమో చేతులు కట్టుకుని, "అలాగేనండీ, మీ నాన్నగారిని తప్పకుండా వేస్తానండీ," అన్నారు. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

ఆగస్టు పదిహేను పొద్దున్న గోడకి కట్టిన పరదా తీశారు. జెండా మా నాయనమ్మ చేతిలోనే ఉంది. మిల్లు ఆసామి తండ్రి కూడా ఉన్నాడు, మీసంతో సహా. తన అరుగు మీద నించుని ఇన్‌స్పెక్టరుకి కాఫీ గ్లాసు అందిస్తున్నాడు. జనం గొల్లుమన్నారు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. గోడ దగ్గరికెళ్లి, బొమ్మలో తన కుడిచేతిని తడిమి చూసుకుంది.

సాయంత్రానికల్లా గోడకి సున్నం కొట్టించేశారు. మాస్టారిని కొల్లేటి లంకలో ఏదో బడికి బదిలీ చేయించారు. వెళ్లే ముందు ఆయన మా ఇంటికొచ్చి, "బొమ్మ నిలబెట్టలేకపోయానండీ," అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"ఊరంతా చూసిందిగా బాబూ," అంది నాయనమ్మ. తర్వాత నాకేసి తిరిగి, "నువ్వూ చూశావు కదే? మర్చిపోకు," అంది.

నేను మర్చిపోలేదు. మొన్న ఆ మిల్లువాళ్ల మనవలు అదే గోడ మీద కొత్త బొమ్మలు వేయించారు. జెండా పట్టుకుని వాళ్ల ముత్తాత నిలబడ్డాడు! సిగ్గుండక్కర్లేదూ? రోజూ బడి వదిలే వేళకి వెళ్లి, ఆ గోడ ముందే నించుని పిల్లలకి జరిగింది చెబుతున్నాను. "ఎప్పటి సంగతో, వదిలెయ్యండత్తయ్యా," అంటుంది మా కోడలు. ఎందుకు వదలాలి? చెయ్యి విరిగింది మా నాయనమ్మది. జెండా ఆయనదెలా అవుతుంది?