బ్యాన్ అయిందని చెప్పాను

మైలాపూరులో ఒక మందుల షాపులో పదకొండేళ్ళుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మా ముత్తాత కాలంలోనే నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. షాపుకొచ్చి తెలుగులో మాట్లాడేవాళ్ళు నెలకొకరు తగిలితే గొప్ప.

ఆ శనివారం పొద్దున అమ్మతో ఫోన్‌లో మాట్లాడి పెట్టేసేసరికి, కౌంటర్ ముందు ఒకమ్మాయి నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో. మెడలో ఆఫీసు కార్డు. నా మాటలు విన్నట్టుంది, ముఖం విప్పారింది.

"మేడమ్, మీరు తెలుగువాళ్ళాండీ? హమ్మయ్య!" అని, గొంతు తగ్గించి, "డెబ్బై రెండు గంటల్లోపు వేసుకునే టాబ్లెట్ ఉంటుంది కదండీ, అది కావాలి. నిన్న కండోమ్ చిరిగిపోయింది" అంది.

నేనేం చేశానో చెప్పాలి. కౌంటర్ మీదికి వంగి ఆమె కాళ్ళు చూశాను, మెట్టెలున్నాయేమోనని. షూ వేసుకుని ఉంది.

"పెండ్లయిందా నీకు?" అన్నాను.

పక్కనే మా షాపుకు తరచూ వచ్చే పెద్దావిడ బీపీ మాత్రల కోసం నిలబడి ఉంది. ఆమెకు తెలుగు రాదు. కండోమ్ అన్న మాట మాత్రం అర్థమైంది.

"దానికీ దీనికీ ఏం సంబంధమండీ?" అంది అమ్మాయి మెల్లగా.

"ఆ మాత్ర ఈడ దొరకదు. మెడ్రాసులో ఏడా దొరకదు. గవర్నమెంటు బ్యాన్ చేసేసిందమ్మా" అన్నాను.

అది అబద్ధం. బ్యాన్ లేదు. మా ఓనరు తెప్పించడు, చుట్టుపక్కల చాలా షాపులవాళ్ళూ తెప్పించరు, అంతే. "ఏ లేడీ డాక్టరు దగ్గరికైనా ఇప్పుడే పో, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది" అని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. నేను చదువుకున్నదే కదా. చెప్పలేదు. ఆమె మెట్లు దిగి వెళ్ళాక పెద్దావిడ ఈ కాలం పిల్లల గురించి ఏదో అంది. నేనూ ఆమెతో కలిసి నవ్వాను.

మూడు వారాల పైనే అయ్యాక అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి తెలుగులో మాట్లాడలేదు. ఇంగ్లీషులో ప్రెగ్నెన్సీ టెస్ట్ కార్డు అడిగి తీసుకుని వెళ్ళిపోయింది. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది నన్ను. షాపు వదిలేసి వెనకాలే పరిగెత్తాను. బస్టాపు దగ్గర అందుకున్నాను.

"ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినానమ్మా."

"తెలుసండీ" అంది. "మీరు చెప్పింది నమ్మి ఆ రోజంతా ఊరుకున్నాం. తర్వాత ఇంకో నాలుగు షాపులు తిరిగాం. బెంగుళూరు నుంచి ఫ్రెండు తెచ్చేసరికి నాలుగో రోజు. అయినా వేసుకున్నాను."

నా నంబరు రాసిచ్చాను. ఫోన్ చేస్తుందనుకోలేదు. మర్నాడే చేసింది. రెండు గీతలు వచ్చాయట. ఈ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో తెలియడం లేదంది. నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ ఉంది. సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను. ఆమె ప్రేమించిన అబ్బాయి కూడా వచ్చాడు. వాళ్ళిద్దరిదీ షోళింగనల్లూరులో ఒకే ఆఫీసు. అతను తలెత్తకుండా కూర్చున్నాడు.

డాక్టరమ్మ అమ్మాయిని ఒక్కదాన్నే లోపలికి పిలిచి, ఏం కావాలనుకుంటోందో అడిగిందట. ఇప్పుడు బిడ్డ వద్దని అమ్మాయి తేల్చి చెప్పిందట. మేజరు కాబట్టి ఆమె సంతకం ఒక్కటే చాలందట డాక్టరమ్మ. స్కానింగు చూసి, తన ఎదుటే గర్భస్రావం మాత్రల్లో మొదటిది వేయించి, మళ్ళీ ఎప్పుడు రావాలో రాసిచ్చింది. తర్వాత మమ్మల్నీ లోపలికి పిలిచి అబ్బాయిని అడిగింది, ఎలా చిరిగిందని.

"కొబ్బరినూనె వాడామండీ" అన్నాడు, వినీ వినపడనట్టు.

"నూనె తగిలితే ఆ రబ్బరు బలం పోతుంది బాబూ. నూనె, క్రీము, వాజలిన్, ఏవీ వద్దు. నీళ్ళతో చేసిన జెల్ దొరుకుతుంది. పర్సులో పెట్టి తిరగొద్దు, వేడికి పాడవుతుంది. డేటు చూడాలి. కొసన గాలి లేకుండా నొక్కి పట్టుకుని తొడగాలి. ఒకసారి వాడింది మళ్ళీ పనికిరాదు." పళ్ళెలా తోముకోవాలో చెప్పినంత మామూలుగా, ఇంగ్లీషు కలిపిన అరవంలో చెప్పింది. చెప్పడం అయ్యాక నా వైపు తిరిగి, "నువ్వు అమ్మేదానివే కదా, ఎవరికైనా ఇవి చెప్పావా?" అంది.

పదకొండేళ్ళలో ఎన్ని పెట్టెలు అమ్మానో! అడిగినవాళ్ళ ముఖం చూడకుండా పేపర్లో చుట్టి ఇచ్చేదాన్ని. నోరు తెరిచి ఒక్కరికీ చెప్పలేదు. ఆ అబ్బాయి వంచిన తల పక్కన నేనూ తల వంచుకున్నాను.

రెండో మందు వేసుకున్నాక రెండు రోజులు అమ్మాయికి బాగా నొప్పి, రక్తస్రావం. మధ్యలో ఫోన్ చేసి కనుక్కున్నాను. పదిహేను రోజులకు డాక్టరమ్మ చూసి అంతా సరిగ్గా ఉందంది. అమ్మాయి నాకు థాంక్స్ అని మెసేజ్ పెట్టింది.

ఆ డెబ్బై రెండు గంటల మాత్ర తెప్పించమని ఓనరును అడిగాను. "ఫ్యామిలీలొచ్చే షాపమ్మా ఇది" అన్నాడు. అడుగుతూనే ఉన్నాను. అయిదు నెలలకు, విసిగిపోయో ఏమో, తెప్పించాడు. ఇప్పుడు కండోమ్‌లు కొనేవాళ్ళకు నూనె సంగతి చెప్తున్నాను. కొందరు వినకుండానే పారిపోతారు.

మా అమ్మాయి ఇప్పుడు ప్లస్‌టూ. ఈమధ్య ఒకరోజు దాన్ని కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పాను. ఆ అమ్మాయి కథ కూడా చెప్పాను. షాపులో అబద్ధమాడిందెవరో మాత్రం చెప్పలేదు, "ఎవురో ఒకామె" అన్నాను.

"ఎవరోగానీ, ఆమెకు సిగ్గుండాలి" అంది మా అమ్మాయి అరవంలో, కోపంగా.

"అవును" అన్నాను.