పసుపు అంచు

మతాల మధ్య స్నేహం గురించి సభలు చాలా చూశాం. ముగ్గురు పెద్దమనుషులు, మూడు మైకులు, చివర్లో ఒక ఫోటో. మర్నాటికి ఎవరి గోడ వాళ్ళదే. కత్తెరక్క అలాంటి సభకు ఎన్నడూ వెళ్ళలేదు. తీరికా లేదు, ఓపికా లేదు.

ఆమె దర్జీ. మెట్ల కింద గది, కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకు స్కూలు యూనిఫారాలు, పొడవు తగ్గించాల్సిన ప్యాంట్లు. నోటినిండా గుండుసూదులున్నా తిట్టగలదు. కత్తెరక్క అన్న పేరు చేతిని చూసి పెట్టారో నోటిని చూసి పెట్టారో వీధిలో ఇంకా తేలలేదు.

ఆ వీధిలో రెండు చర్చిలు, ఒకటి ఫాదర్‌గారిది, ఒకటి పాస్టరుగారిది. బాప్తిస్మానికి ఒకరు నీళ్ళు చల్లుతారు, ఇంకొకరు నీళ్ళలో ముంచుతారు. ఒకరి రొట్టె ఇంకొకరు ముట్టరు. ఏడాదికొకసారి మాత్రం కలిసి సిలువ నాటకం వేస్తారు. ‘క్రైస్తవ ఐక్యత’ అని బ్యానరు కడతారు. యేసుకు తెల్లబట్టలు, శిష్యులకు లేతరంగులు, ఆయన్ను సిలువ వేయమని అరిచే యూదులకు నల్ల అంగీలు. అన్నీ కత్తెరక్క కుట్టినవే, గర్వంగానే. నిజం చెప్పాలంటే ఆ రెండు చర్చిలకూ కుదిరిన ఏకాభిప్రాయం ఒక్కటే: నేరం ఎవరి నెత్తిన వేయాలన్నది.

ప్రధాన యాజకుడి వేషం ఆమె బావగారిది. కొలతలకు ఆయన ఎన్నడూ దొరకడు. అదే ఎత్తు, అవే భుజాలు ఎదురింటి అద్దాలావిడవి. ఆవిడది కళ్ళజోళ్ళ షాపు, యూదుల కుటుంబం. ఇద్దరి స్నేహం రెండు జడల నాటిది. ఏటా అద్దాలావిడ ఆ నల్ల అంగీ తొడుక్కుని, చేతులు చాపి, వీధి కబుర్లన్నీ చెబుతూ నిలబడేది. నాటకానికి మాత్రం వచ్చేది కాదు. ‘షాపు వదిలి రాలేదులే’ అనుకునేది కత్తెరక్క.

ఆ ఏడు పాస్టరుగారు కొత్త మాట చెప్పారు. వెనక వరుసల్లో ఉన్నవాళ్ళకు చెడ్డవాళ్ళెవరో తెలియడం లేదట, నల్ల అంగీలకు పసుపు అంచు వేయమన్నారు. కత్తెరక్క వేసింది. కొలతకు అది తొడుక్కున్న అద్దాలావిడ కిందికి చూసింది.

“ఇదేంటే కొత్తగా?”

“వెనక వరుసకి కనబడాలట, చెడ్డవాళ్ళెవరో.”

“కనబడకపోతే నా షాపుకి పంపు, అద్దాలిస్తా. పసుపు దేనికి?”

కత్తెరక్క నవ్వింది. అద్దాలావిడ నవ్వలేదు. అంగీ విప్పి, మడత పెట్టి, మిషను మీద ఉంచింది.

“మా అమ్మమ్మ పుట్టిన దేశంలో, యూదుల్ని వెతికి పట్టుకెళ్ళిన రోజుల్లో, ఆవిడ కోటు మీద కూడా పసుపు గుడ్డ కుట్టించారే. మేమెవరమో దూరం నుంచే తెలియాలని. ఆ కోటు కుట్టినావిడ కూడా మంచిదేనట.”

వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఎదురింటి కిటికీ తెర దించే ఉంది. తెర దించిన ఇంటికి ఎదురుగా కూర్చుని కుట్టడం ఎంత కష్టమో కత్తెరక్కకు అప్పుడే తెలిసింది. పసుపు అంచులన్నీ విప్పేసి, పీకిన దారాలు పొట్లం కట్టుకుని షాపుకు వెళ్ళింది.

“చూడు, విప్పేశాను.”

అద్దాలావిడ ఆ పొట్లం వంక చూసింది. “మరి నలుపో?”

కత్తెరక్క పొట్లం కౌంటరు మీద పెట్టింది.

“మీ యేసుకి తెలుపెందుకే? ఆయన మా పిల్లాడు కాడూ? వాళ్ళమ్మ మా ఇంటి ఆడపడుచు కాదూ? మా పిల్లాణ్ణి దేవుడన్నారు, మీ ఇష్టం. ఇంటిల్లిపాదినీ దొంగల్ని చేస్తే ఎలా?”

“అయితే ఏం చెయ్యమంటావ్?”

“దర్జీవి నువ్వా, నేనా?”

రెండు చర్చిల కమిటీ హాల్లో సమావేశమైంది. ఈసారి అందరికీ ఒకే తానులోంచి ఒకే రంగు అంగీలు కుడతానంది కత్తెరక్క. యేసుకీ, మరియకీ, పేతురుకీ, యాజకుడికీ, అరిచే గుంపుకీ.

“ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందమ్మా?” అన్నారు పాస్టరుగారు.

“అందరూ యూదులే కదండీ. ఒక వీధివాళ్ళు. ఆ వీధిలో మాత్రం చెడ్డవాళ్ళు యూనిఫారం వేసుకు తిరిగారా?”

ఫాదర్‌గారు గొంతు సవరించుకున్నారు. “నిజమే. యూదుల మీద ఆ నిందే వేయకూడదని మా పెద్దలు ఎప్పుడో తీర్మానించారు. కాగితం నా బీరువాలో ఉంది.”

“బీరువాలో ఉంటే చెదలకి తెలుస్తుంది ఫాదర్, జనానికెలా తెలుస్తుంది?”

పాస్టరుగారి బాధ వేరు. ఆయన చెడ్డవాడేం కాదు. “మన రెండు సంఘాలూ కలిసి చేసే పని ఇదొక్కటే. దీంట్లోనూ గొడవొస్తే ఇక కలిసేదే ఉండదు.”

“మన రెండు చర్చిలూ నిలబడాలంటే ఎదురింటి గోడకి ఆనుకోవాలాండీ? ఆ గోడ కూలినా సరేనా?”

హాలు చివర నిచ్చెన మీద తీగలు బిగిస్తున్న లైట్ల భాయిని అప్పుడు చూశారందరూ. ఏటా ఆ నాటకానికి లైట్లు వేసేది ఆయనే. నువ్వేమంటావని ఫాదర్‌గారు అడిగారు.

“నన్నెందుకు లాగుతారు సార్? మా ముస్లింల నమ్మకంలో ఆయన్ని అసలు సిలువ వెయ్యనే లేదు. ఐనా ఏటా ఆ సిలువ మీద లైటు తప్పు పడనిచ్చానా? ఎవరు మాట్లాడితే వాళ్ళ మీద వేస్తా. బట్టల సంగతి అక్క చూసుకుంటుంది.”

ముందు నవ్వింది ఫాదర్‌గారు. నవ్వాక వాదించడం కష్టం. బావగారొక్కరే గొణిగారు. “మరి నేనెవరో ఎలా తెలుస్తుంది?”

“మీరు నోరు విప్పితే తెలుస్తుంది బావగారూ. ఇంట్లోనూ అంతేగా.”

పాస్టరుగారు, “కుట్టమ్మా. మా సంఘంవాళ్ళు మొదట అడిగేది నన్నే. చెప్పడానికి ఏదో ఒకటి వెతుక్కుంటాను” అన్నారు. ఆ సాయంత్రం ఫాదర్‌గారి బీరువా కాగితం అడిగి పట్టుకెళ్ళారు. ఒకరి కాగితం ఇంకొకరు చదవడం ఆ వీధిలో అదే మొదలు. దాంతో లోకం మారిపోయిందని ఎవరూ అనడం లేదు. రొట్టె దగ్గర ఇంకా ఎవరి బల్ల వాళ్ళదే, రెండు కుటుంబాలైతే ఈ నాటకానికి రామన్నాయి కూడా.

కత్తెరక్క మట్టిరంగు తాను తెచ్చింది. మొదటి అంగీ కచ్చాకుట్టు వేసి, కిటికీ తెరిచి, పిలవాలా వద్దా అని నిలబడింది. పిలిచే పని పడలేదు. మిషను చప్పుడు ఆగేసరికి ఎదురింటి తలుపు తెరుచుకుంది. అద్దాలావిడ వచ్చి, అంగీ తొడుక్కుని, చేతులు చాపింది.

“ఈసారి ఎవరి వేషమే?”

“ఇంకా పంచలేదు. అన్నీ ఒకటేగా.”

అద్దాలావిడ భుజాలు కదిపింది, అంచు చూసుకుంది, ఒకసారి వెనక్కి తిరిగింది.

“చంక కింద పట్టేస్తోంది. వదులు చెయ్యి.”

కత్తెరక్క నోట్లోంచి గుండుసూదులు తీసి, వదులు చేసింది.